ముసుగు ఎత్తినవాడికి మూడు దెబ్బలు

ఎద్దును పడగొట్టడానికి ఇద్దరు కావాలి. ఒకడు కొమ్ములు పట్టి తల కిందికి వంచాలి. రెండోవాడు మెడ వెనక, పుర్రె అయిపోయి వెన్ను మొదలయ్యే గుంటలో పొట్టికత్తి దింపాలి. గుంట తప్పితే కొమ్ములు పట్టినవాడి పేగులు నేలమీద ఉంటాయి. కాబట్టి కొమ్ములవాడు కత్తివాడిని నమ్మి తీరాలి, ఇష్టం ఉన్నా లేకపోయినా. మా యానాపాంప కబేళాలో కొమ్ములు ఎఫ్రాయిన్‌వి, కత్తి రొసారియోది. ఏళ్ళ తరబడి అదే జోడీ, మధ్యలో ఇంకొకళ్ళు దూరింది లేదు.

సాన్ సెబాస్తియాన్ పండగ ఇంకో రెండు రోజులుందనగా, ఆ శుక్రవారం పొద్దున, ఎఫ్రాయిన్ కొమ్ములు పట్టనన్నాడు. నోటితో అనలేదు. బుగ్గన కోకా ఆకు పెట్టుకుని, స్తంభానికి ఆనుకుని, రబ్బరు బూటుతో నెత్తుటి కాలవలో నీళ్ళు కెలుకుతూ నిలబడ్డాడు. ఎద్దు తాడు బిగించి ఉంది, రొసారియో చేతిలో కత్తి ఉంది, అందరూ ఎదురుచూస్తున్నారు. మేస్త్రీ జెనోబియో, అంటే ఎఫ్రాయిన్‌కి పిల్లనిచ్చిన మామ, కాసేపు చూసి, ఎఫ్రాయిన్ తమ్ముడు యోవెర్‌ని పొమ్మన్నాడు.

యోవెర్‌కి కండ ఉంది గానీ గుండె లేదు. తల సగం వంచి, ఎద్దు బుస కొట్టగానే వదిలేశాడు. కత్తి గుంటలో కాక పక్కన దిగింది. ఎద్దు మెడలో కత్తితోనే యోవెర్‌ని గోడకేసి రాసింది, మోకాళ్ళ మీద పడింది, మళ్ళీ లేచింది. నెత్తురు పైకప్పు రేకుల దాకా చిమ్మింది. రొసారియో దాని మూపు మీదికి ఎగిరి, ఒక చేత్తో చెవి మెలేసి పట్టుకుని, రెండో కత్తి తనే దింపాడు. ఎద్దు అప్పుడు కూలింది. ఒక జీవాన్ని అంత హింస పెట్టి చంపడం అతని చేతుల మీదుగా ఎన్నడూ జరగలేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

చేతులు కడుక్కుంటుంటే జెనోబియో పక్కకొచ్చి నిలబడ్డాడు. ముఖం చూడకుండా, కుళాయి వైపు చూస్తూ, ఇన్నేళ్ళూ రొసారియో కట్టిన దొరసాని వేషం ఈ ఏడు పండగ ఆటలో యోవెర్ కడతాడని చెప్పాడు. జట్టు కూర్చుని అనుకున్నారట. పావడాలు, టోపీ, ముసుగు సాయంత్రానికల్లా తన ఇంటికి పంపమన్నాడు.

"పావడాలు జట్టువి కావు మామా," అన్నాడు రొసారియో. "మా అత్త కుట్టినవి."

"అయితే మీ అత్తనే కట్టుకోమను," అని జెనోబియో వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. మా తునంతాద ఆటలో ఆడవేషాలన్నీ మగవాళ్ళే కడతారు. తాతల నాటి నుంచీ అంతే. దొరకి జోడీ దొరసాని, ఇద్దరి మధ్యా ఒక పట్టు రుమాలు, చెరో కొస. ముఖానికి ఇనప జాలీ ముసుగు, దాని మీద గులాబీ బుగ్గలూ నీలం కళ్ళూ గీసి ఉంటాయి. ముసుగు కట్టాక సన్నగొంతుతోనే మాట్లాడాలి, గొంతు పట్టి మనిషిని పోల్చకూడదు కాబట్టి. పేరు పెట్టి పిలవకూడదు. ముసుగు మనిషి మీద చెయ్యి పడకూడదు. బజారులో ఎవడైనా ఇంకొకడి ముసుగు ఎత్తితే మూడు కొరడా దెబ్బలు, ముసుగు పోయినవాడు కొట్టాలి. ముసుగు పోయినవాడు మాత్రం మళ్ళీ జన్మలో ముసుగు కట్టకూడదు. ఇవి మా ఊరి రూళ్ళు. మీకు నచ్చినా నచ్చకపోయినా మేం మార్చం.

ఇంకో మాట. రొసారియో అనే పేరు మా దగ్గర మగపిల్లాడికీ పెడతారు, ఆడపిల్లకీ పెడతారు. ముద్దుగా చారో అంటారు. ఈ మనిషి ప్యాంటులో ఉంటే రొసారియో, పావడాలో ఉంటే చారో. ఒకటి నిజం, ఒకటి నాటకం అని ఎవరైనా అంటే వాళ్ళకి ఈ మనిషి తెలీదన్నమాట. పెంచిన అత్త సెవేరా ప్యాంటులో ఉంటే "నాయనా" అనేది, పావడాలో ఉంటే "అమ్మాయ్" అనేది. నేనూ అలాగే చెప్తాను.

మరి ఇన్నేళ్ళు పావడా కట్టిన మనిషి మీద ఇప్పుడెందుకు కోపం? సినిమా వల్ల. శనివారాలు వాంకాయో పట్నంలో ఒక బారులో చారో ఆట ఉండేది. ముసుగు లేదు, పెదాలకి రంగు, రెప్పలకి గుర్రపు వెంట్రుకలు. అది ఊరందరికీ తెలుసు. బస్సెక్కి పోయేంత దూరం కదా, తెలీనట్టు ఉండేవాళ్ళు. ఆ బారులో పరిచయమైన నీల్దా అనే పిల్ల చారో మీద చిన్న సినిమా తీసింది. కథా మాటలూ ఏమీ లేవు. అందులో ఒక ముక్క ఎవడి ఫోనులోంచో ఊళ్ళో అందరి ఫోనుల్లోకీ వచ్చి పడింది. మన కబేళాలో, మన దొరసాని పావడాలో, చారో తన ముసుగు తనే ఎత్తుకుంటుంది. పావడా చూసి ఎవడికీ కోపం రాలేదు, పావడా వాళ్ళ తాతలూ కట్టారు. పావడా పైన తెలిసిన ముఖం కనబడింది. అదీ వీళ్ళు ఓర్చుకోలేనిది.

ఆ తరవాత వెంటనే ఇంకో ముక్క ఉంది. నిరుడు పండగలో తీసింది. ముసుగు కట్టిన దొర చెయ్యి దగ్గరగా కనబడుతుంది. రుమాలు కొస పట్టుకున్న ఆ చెయ్యి మెల్లగా జారి, దొరసాని మణికట్టు మీద ఆగుతుంది. ఆటలో అలా ఆగాల్సిన పని లేదు. అయినా ఆగింది. ఆ చేతికి చూపుడువేలు సగమే ఉంది. కబేళాలో తెగిన ఎఫ్రాయిన్ వేలు ఊళ్ళో ఎరగనివాడెవడు? గురువారం సాయంత్రం సారా కొట్టు దగ్గర ఒకడు, నీ రెండో పెళ్ళానికి లిప్‌స్టిక్ బాగా నప్పిందిరా అన్నాడట. ఎఫ్రాయిన్ నవ్వేసి ఊరుకున్నాడట. ఆ నవ్వే చూడాలి అని చెప్పినవాళ్ళు చెప్పారు.

మధ్యాహ్నం తోళ్ళు ఒలిచి ఉప్పు చల్లుతుంటే ఎఫ్రాయిన్ వచ్చి రొసారియో ఎదురుగా నిలబడ్డాడు. రొసారియో పని ఆపలేదు. గుప్పెడు ఉప్పు తోలు మీద రుద్దుతూ, సినిమా మొత్తం చూశావా, ముక్కే చూశావా అని అడిగాడు. మామూలుగానే అడిగాడు, గేలి లేదు అందులో.

మొదటి తన్ను పక్కటెముకల మీద పడింది. రబ్బరు బూటు మెత్తగా కనిపిస్తుంది గానీ ముందు భాగంలో ఇనుముంటుంది. రొసారియో తోళ్ళ గుట్ట మీద పడ్డాడు. లేవబోతే యోవెరూ ఇంకొకడూ చెరో చెయ్యి విరిచి పట్టుకున్నారు. ఎఫ్రాయిన్ చేత్తోనూ బూటు మడమతోనూ ముఖమే కొట్టాడు. వేరే ఎక్కడా కొట్టలేదు ఆ తరవాత. పెదవి చీలింది, ముందుపళ్ళు రెండు ఊడి ఉప్పులో పడ్డాయి, ఎడమకన్ను మూసుకుపోయింది. ఎవడో బొచ్చెడు ఎద్దు నెత్తురు తెచ్చి నెత్తిన గుమ్మరించి, ఇదిగో నీ లిప్‌స్టిక్ అన్నాడు. ఎవడూ నవ్వలేదు. ఎఫ్రాయిన్ మాత్రం పని చేస్తున్నట్టే, ఒకదాని తరవాత ఒకటి కొడుతూ పోయాడు.

జెనోబియో అటు తిరిగి కత్తి నూరుతున్నాడు. ఆ రాయి మీద కత్తి చప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు. చివరికి కత్తి బొటనవేలి మీద పరీక్షించుకుని, "చాలు, పనుంది," అన్నాడు. వాళ్ళు వదిలేశారు.

రొసారియో ఉప్పులో చెయ్యి పెట్టి వెతికి పళ్ళు ఏరుకున్నాడు. జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు. దారిలో జనం కిటికీలు మూశారు. సిగ్గుపడి మూశారో, అసహ్యపడి మూశారో, నా ఊరే అయినా నాకూ తెలీదు.

సెవేరా అత్త వాకిట్లో పావడాలకి గంజి పెడుతోంది. దొరసానికి లోపల నాలుగు తెల్ల పావడాలు, పైన మఖమలు పావడా. లోపలివి ఎంత బిర్రుగా ఉంటే నడక అంత అందంగా ఉంటుంది. బంగాళదుంప పిండి గంజిలో ముంచి, పిండి, తాడు మీద ఆరేస్తుంది. మేనల్లుడి ముఖం చూసి ఆమె అరవలేదు. గంజి చేతులతోనే గడ్డం పట్టుకుని ఎత్తి చూసి, కుర్చీలో కూర్చోబెట్టి, ఉప్పునీళ్ళతో కడిగింది. కడుగుతున్నంతసేపూ తిట్టింది. వాళ్ళని కాదు, అతన్నే.

ముసుగెందుకు తీశావని ఆమె బాధ. ఇన్నేళ్ళుగా కుట్టు మీద కుట్టు కుట్టి నిన్ను దాచాను కదా, దాపు ఉన్నంతకాలం ఊరంతా దండాలు పెట్టింది కదా, ఎవడడిగాడని బయటపడ్డావు అని. రొసారియో వాచిన పెదాలతో ఏదో చెప్పబోయాడు. పళ్ళ సందులోంచి గాలి ఈల వేస్తోంది.

శనివారం మధ్యాహ్నం నీల్దా బస్సు దిగి పరుగున వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, మగపిల్లాడి క్రాపు, భుజాన కెమెరా సంచి. అతని ముఖం చూసి గడప మీద కూలబడిపోయింది. ఠాణాకి పోదాం లే అంది. రొసారియో తల అడ్డంగా ఊపాడు. ఊరికి ఉన్న ఒక్క కానిస్టేబులూ జట్టులో లాయరు వేషం కడతాడు. అయితే నాతో వాంకాయో వచ్చెయ్, అక్కడ బారు ఉంది, మనవాళ్ళున్నారు, ఈ ముఖంతోనే ఇంకో సినిమా తీద్దాం అంది ఆ పిల్ల. మంచి మనసుతోనే అంది. అతనికి మాత్రం ఒళ్ళు మండింది.

"నా ముఖం ఎప్పుడు చూసినా నీకు సినిమాయేనా?" అన్నాడు.

నీల్దా తల దించుకుంది. ఎఫ్రాయిన్ వేలు తను గమనించలేదని, గమనించి ఉంటే కోసేసేదాన్నని ఒట్టు పెట్టుకుంది.

"నేను గమనించాను," అన్నాడు రొసారియో. "ఉండనివ్వమని నేనే అనుకున్నా. నా వైపు ఒక మనిషి అట్లా చెయ్యి చాచింది అదొక్కటే నీల్దా. అది పోతే నా దగ్గర ఇంకేం లేదు."

సెవేరా అత్త వంటింట్లోంచి అంతా విన్నది. బయటికొచ్చి, ఆ పిల్ల ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఏదీ ఆ దిక్కుమాలిన సినిమా, నేనింతవరకూ చూడలేదు, చూపించు అంది.

పొద్దు గుంకుతోంది. గోడంతా మసిబారి ఉంది, తెర లేదు. నీల్దా సంచిలోంచి చిన్న ప్రొజెక్టరు తీసి, ఆరేసిన తెల్ల పావడాల మీదే బొమ్మ వేసింది. గాలికి పావడాలు ఊగితే బొమ్మ ఊగుతోంది. రాయి మీద కత్తి నూరే చప్పుడు. అదే చప్పుడు సాగి సాగి గడ్డం మీద బ్లేడు చప్పుడైంది. ఖాళీ కొక్కేల వరస మధ్య నుంచి ఒక పావడా నడిచిపోయింది, మనిషి నడుం దాకానే కనబడింది. తరవాత ముసుగు. వేళ్ళు ముసుగు అంచు పట్టుకున్నాయి. పైకెత్తాయి. ముసుగు కింద ఒక సగానికి రంగు, ఇంకో సగానికి మూడు రోజుల గడ్డం. రెండు సగాలూ కెమెరా వైపు చూశాయి. ఎక్కువసేపు చూశాయి. నవ్వలేదు, ఏడవలేదు. చివర్లో ఆ మణికట్టు మీద సగం వేలి చెయ్యి.

సెవేరా అత్త కదలకుండా చూసింది. బొమ్మ ఆరిపోయాక కూడా తాడు వైపే చూస్తూ నిలబడింది.

"పదేళ్ళప్పుడు అద్దం ముందు ఇట్లాగే నిలబడేవాడు," అంది. "కొట్టేదాన్ని."

పావడాలు ఒక్కొక్కటే తాడు మీంచి తీసి లోపలికి పట్టుకుపోయింది. బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడెక్కిన వాసన వచ్చింది. రొసారియో వెళ్ళి గుమ్మంలో నిలబడితే, తల ఎత్తకుండా, రేపు నీలం రవిక కడతావా, ఎర్రది కడతావా అని అడిగింది. నీలం అన్నాడు.

అత్తా మేనల్లుళ్ళ లెక్క సులువైనదే. జట్టు వేషం తీసెయ్యగలదు గానీ, ముసుగు కట్టి బజారులోకి వచ్చిన మనిషిని పేరు పెట్టి పొమ్మనలేదు, చెయ్యి వేసి గెంటలేదు. ఒకసారి బజారులో అడుగు పెడితే చాలు. ఈ ఒక్క ఏడైనా తన ఆట తను ఆడాలి. ఆ తరవాత చంపినా సరే అనుకున్నాడు రొసారియో, నిజంగానే అనుకున్నాడు.

ఆదివారం పదకొండింటికి బజారు జనంతో నిండిపోయింది. చర్చి మెట్ల మీద మేళం, సాక్సఫోన్లూ, క్లారినెట్లూ, మధ్యలో ఒక ముసలి హార్పు. జట్టు వరసగా వచ్చింది. ముందు యోవెర్ దొరసాని, అద్దెకి తెచ్చిన పావడాలో, బాతు నడక. పక్కన దొర వేషంలో ఎఫ్రాయిన్, చేతికి తెల్ల తొడుగులు, ఎప్పుడూ లేనిది. వెనక కొరడా పట్టుకుని గాడిదలు తోలేవాడి వేషంలో జెనోబియో.

మెయిన్ రోడ్డు వైపు నుంచి రెండో దొరసాని వచ్చింది.

చారో నడక చూసి పోల్చనివాళ్ళు లేరు. నీలం రవిక, మఖమలు పావడా, కింద గంజి పావడాలు గలగలమంటున్నాయి. ముసుగు మీది నీలం కళ్ళతో ఎటూ చూడకుండా నేరుగా వచ్చి, వరస ముందు, దొరసాని నిలబడే చోట నిలబడింది. యోవెర్ ఒక పక్కకి జరిగాడు. ఎవరూ జరగమనలేదు. గుసగుసలు బయల్దేరాయి గానీ పేరు ఒక్క నోట రాలేదు. జెనోబియో కొరడా నేలకేసి కొట్టాడు, దుమ్ము లేచింది. అంతకుమించి చెయ్యడానికి ఆయనకి హక్కు లేదు.

చారో రుమాలు రెండో కొస చాచింది. మేళం ఎత్తుకుంది. పాట మొదలయ్యాక దొర నిలబడిపోతే జట్టు పరువు పోతుంది. ఎఫ్రాయిన్ కొస అందుకున్నాడు.

వాళ్ళిద్దరూ ఆడారు. ఆ కాళ్ళకి అలవాటు కదా, మనసుతో పనిలేదు. అతను కుడి భుజం దించితే ఆమె ఎడమకి తిరిగింది. ఆమె ఆగితే అతను ఆగాడు. చారోకి పక్కటెముకలు లోపల గుచ్చుకుంటున్నాయి, ముసుగు ఇనుము వాచిన కంటికి ఒరుసుకుంటోంది, అయినా ఆమెకి సంతోషంగా ఉంది. జనం ఒక్క క్షణం మరిచిపోయారు. ముసలివాళ్ళు తలలూపారు. జనంలో బీరు సీసా, ఒకే గ్లాసు, చేతులు మారుతున్నాయి.

అప్పుడు ఎవడో జనంలోంచి సన్నగొంతు పెట్టి, "దొరగారూ, తొడుగు తీసి పట్టుకోండి, వేలు చూద్దాం!" అన్నాడు. పక్కవాళ్ళు పగలబడి నవ్వారు. పది ఫోనులు పైకి లేచాయి.

ఎఫ్రాయిన్ ఆగిపోయాడు. మెడ గట్టిపడింది. ఒక అడుగు ముందుకేసి, చారో గడ్డం కింద ముసుగు అంచు పట్టుకుని లాగాడు. తాడు తెగలేదు, చెవి కింద చర్మం తెంపుకుంటూ టోపీతో సహా ఊడొచ్చింది. ముసుగు నేలకేసి కొట్టి బూటుతో తొక్కాడు. ఇనప జాలీ నలిగిన చప్పుడు మేళం మధ్యలో కూడా వినబడింది. తరవాత మేళం కూడా ఆగింది.

జనం చూశారు. సినిమాలో చూసిన ముఖం కోసం చూశారు, రంగు పెదాల కోసం. అది లేదు. ఎడమకన్ను నల్లగా మూసుకుపోయి ఉంది. పెదవి రెండు చీలికలు. రెండు రోజుల గడ్డం నిండా, ముసుగు ఒరిపిడికి మళ్ళీ కారిన నెత్తురు చారలు. ఆమె ఊపిరి పీల్చడానికి నోరు తెరిస్తే పళ్ళుండాల్సిన చోట సందు కనబడింది. బూటు మడమ గుర్తు చెంప మీద అచ్చంగా ఉంది. ముందు వరసలో ఉన్న కబేళావాళ్ళకి అది ఏ బూటో తెలుసు. ఎత్తిన ఫోనులు ఒక్కొక్కటే దిగాయి. నీల్దా అసలు కెమెరా సంచి తెరవలేదు, రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడింది.

రూలు ప్రకారం ముసుగు పోయినవాళ్ళు ముఖం కప్పుకుని పారిపోవాలి. రూలు అలా చెప్పదు నిజానికి, అందరూ అలా పారిపోయారు కాబట్టి అదే రూలనుకున్నాం. చారో పారిపోలేదు. టోపీ తీసి దులిపి నెత్తిన పెట్టుకుంది. జెనోబియో వైపు తిరిగి చెయ్యి చాచింది.

జెనోబియో చాలాసేపు కొరడా ఇవ్వలేదు. కూతురి మొగుడు ఒక పక్క, ఊరంతా ఒక పక్క. శుక్రవారం ఆయన ఎటు తిరిగి కత్తి నూరాడో ఆ మడమ గుర్తు చూసి ఇప్పుడు గుర్తొచ్చిందేమో. ఊరు మాట తప్పితే వచ్చే ఏడు ఆటే ఉండదు. కొరడా పిడి ఆమె చేతిలో పెట్టాడు. చేతులు కట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

ఎఫ్రాయిన్ కోటు విప్పి, ముసుగు మాత్రం ఉంచుకుని, వీపు తిప్పాడు. వద్దని అనలేదు. అంత మాత్రం మగతనం ఉంది వాడికి.

మొదటి దెబ్బ కొట్టినప్పుడు చారోకి హాయిగా అనిపించింది. అబద్ధమెందుకు, ఒళ్ళంతా హాయిగా అనిపించింది. ఎద్దుల మీద ఇన్నేళ్ళు పని చేసిన భుజం అది. చొక్కా చీలి, వీపు మీద ఎర్రగా తట్టు తేలి, దాని వెంట నెత్తురు చుక్కలు పొడిచాయి. ఎఫ్రాయిన్ మోకాళ్ళు వంగాయి. జనంలో ఒక పెద్దావిడ శిలువ గుర్తు వేసుకుంది. రెండో దెబ్బ అదే చోట పడింది. ఈసారి ఆమెకి హాయి లేదు. శుక్రవారం నాటి ఎద్దు కళ్ళముందు కదిలింది, మెడలో కత్తితో మోకాళ్ళ మీద పడి మళ్ళీ లేచింది.

ఎఫ్రాయిన్ మూడో దెబ్బ కోసం వీపు బిగించుకుని ఉన్నాడు. కొరడా లేవలేదు. చారో దగ్గరికి వెళ్ళింది. పళ్ళ సందులోంచి ఈల వేస్తున్న సన్నగొంతుతో, అతనికి ఒక్కడికే వినబడేలా చెప్పింది.

"మూడోది ఆ వేలికి చెల్లు. ఆ సినిమాలో నీ ముసుగు నేనూ ఎత్తాను."

ఎఫ్రాయిన్ వెనక్కి తిరగలేదు. తొడుగు కట్టిన చెయ్యి, ఆ చెయ్యే, ఒకసారి ముడుచుకుని విచ్చుకుంది.

రెండే కొట్టిందేమిటని జనం గొణిగారు. జాలిపడిందన్నారు కొందరు, చేతకాలేదన్నారు కొందరు. చారో కొరడా జెనోబియో భుజాన వేసి, తన చోటికి, వరస ముందుకి వచ్చి నిలబడింది. జెనోబియో చిన్నగొంతుతో, ఇంటికి పో, ఇంక నువ్వు ముసుగు కట్టకూడదు కదా అన్నాడు.

"కట్టను," అంది చారో. మామూలు గొంతుతో అంది, రొసారియో గొంతుతో. "కట్టకూడదనే కదా మామా రూలు. ఆడకూడదని ఎక్కడుంది?"

ఆయన పక్కనున్న లాయరు వేషం కానిస్టేబుల్ వైపు చూశాడు. అతను భుజాలెగరేశాడు. ముఖం లేకుండా ఆడినవాళ్ళున్నారు మా ఊళ్ళో, ముఖంతో ఆడినవాళ్ళు లేరు, కాబట్టి ఆడొద్దని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఆ ముఖం ఎవరికీ కనబడకూడదనే ఇంత చేశారు. ఇప్పుడు వాళ్ళ రూలే ఆ ముఖం కప్పుకోవడానికి వీల్లేదంటోంది.

మేళంలో ముందుగా ఊదింది సాక్సఫోను ముసలాయన. ఎవరు సైగ చేశారో తెలీదు. సగంలో ఆగిన పాటని సగం నుంచే ఎత్తుకున్నాడు. చారో రుమాలు ఒక కొస పట్టుకుని అడుగేసింది. రెండో కొస నేలమీద జీరాడుతోంది. దొరసాని కదిలితే వరస కదలాలి. ఇష్టం లేని కాళ్ళు కూడా కదిలాయి. కొందరు దారిలో ఉమ్మేశారు. ఒకడు ముసుగు తీసి చేత పట్టుకుని జట్టు వదిలి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు వచ్చారు.

బజారు ఒక చుట్టు తిరిగేసరికి వరస చివర ఎఫ్రాయిన్ ఉన్నాడు. కోటు లేదు, చీలిన చొక్కాలోంచి రెండు తట్లు కనబడుతున్నాయి. ముసుగు ఉంది. లోపల ఏడుస్తున్నాడో పళ్ళు కొరుకుతున్నాడో మాకు తెలిసే దారి లేదు. రేపు కబేళాలో కొమ్ములు పడతాడో లేదో కూడా తెలీదు.

వాన ఒక్కసారిగా కురిసింది. జనవరిలో మా దగ్గర మధ్యాహ్నం వానలు మామూలే. జనం అరుగుల మీదికి పరిగెత్తారు. ఆట మధ్యలో జట్టు పరిగెత్తదు. చారో ముఖం మీంచి నెత్తురు చారలు కరిగి నీలం రవిక మీదికి దిగుతున్నాయి. చర్చి అరుగు మీంచి సెవేరా అత్త గొంతు చించుకుని అరిచింది. బజారులో ఆటాడుతున్న మనిషిని పేరు పెట్టి పిలవడం మేం వినడం అదే మొదటిసారి.

"చారో! పావడా ఎత్తుకోవే, గంజంతా పోతోంది!"

చారో ఒక చేత్తో మఖమలు పావడా ఎత్తి పట్టుకుంది. కింద కబేళా రబ్బరు బూట్లు కనబడ్డాయి. అలాగే ఆడుతూ మూల తిరిగింది.